ఇసుర్రాయి మీద ఎర్రసిరా



కొన్నేళ్ల క్రితం మా పాఠశాలలో చిత్రలేఖన పోటీ నిర్వహించాము. అంశం ‘మా ఊరు’. న్యాయనిర్ణేతలలో నేనొకడిని. పిల్లలు ఇచ్చిన కాగితాలను బల్ల మీద పరచి చూస్తే వాటిలో ముప్పాతిక వంతు ఒకే బొమ్మ. రెండు త్రికోణపు కొండలు, వాటి నడుమ ఉదయిస్తున్న సూర్యుడు, కొండల సందులోనుంచి మెలికలు తిరుగుతూ వచ్చే నీలిరంగు నది, ఒడ్డున రెండు కొబ్బరిచెట్లు, ఒక పెంకుటిల్లు, ఆకాశంలో నాలుగు పక్షులు. ఈ బొమ్మను మీరందరూ చూసే ఉంటారు. చిన్ననాట వేసి కూడా ఉంటారు. నేనూ వేశాను.

పావగడ సీమ తెలిసినవారికి ఇందులోని విడ్డూరం వెంటనే బోధపడుతుంది. ఇక్కడి కొండలు త్రికోణాలు కావు. గుండు మీద గుండు పేర్చినట్లుండే బోడి రాతికొండలు. మా ఉత్తర పినాకినిలో సంవత్సరంలో అధిక భాగం కనిపించేది ఇసుకే. పిల్లలు ప్రతిదినం కళ్లెదుట చూస్తున్న ఊరిని వదిలి, ఎన్నడూ చూడని ఊరిని ‘మా ఊరు’ అని వేసి ఇచ్చారు. దానికి మేమే మార్కులు వేశాము.

ఆ కాగితాలలో ఒక ఆరవ తరగతి బాలిక వేసినది మాత్రం వేరుగా ఉంది. అందులో కొండ లేదు, నది లేదు. కాగితం నిండా ఒక తిరుగుడు రాయి, దాని పిడి పట్టుకున్న ఒక ముసలి చేయి, ఆ చేతికి రెండు గాజులు, రాతి చుట్టూ రాలిన రాగిపిండి. కింద ‘మా అవ్వ ఇసుర్రాయి’ అని రాసింది. నేను దానిని పక్కన పెట్టాను. అడిగినది ఊరు గాని రాయి కాదు గదా అని నా తర్కం. అంతటితో ఆగలేదు. తెలుగు ఉపాధ్యాయుడిని కనుక, ‘ఇసుర్రాయి’ అన్న మాటను ఎర్రసిరాతో కొట్టివేసి పైన ‘తిరగలి’ అని దిద్దాను. మొదటి బహుమతి అన్నిటికన్నా శుభ్రంగా ఉన్న త్రికోణపు కొండలకు వెళ్లింది.

రెండేళ్లు గడిచాక ఏదో పనిమీద ఆ బాలిక ఇంటికి వెళ్లవలసి వచ్చింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నారు. అవ్వ కాలం చేసింది. ఇసుర్రాయి పైరాయి కొళాయి కింద, బిందె పెట్టుకునే రాయిగా మారిపోయింది. తల్లి లోపలికి పిలిచి గోడబీరువా తలుపు తీసి చూపించింది. తలుపు లోపలి వైపు ఆ బొమ్మ అంటించి ఉంది. నా ఎర్రగీత కూడా అలాగే ఉంది. “అవ్వదంటే కార్డులో ఉండే పటమూ, ఇదీ సార్. అంతే” అన్నది ఆ తల్లి.

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అయినా ఆ ఎర్రగీత నన్ను చాలాకాలం వెంటాడింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నేను చెప్పదలచినది ఒక్కటే. పిల్లలూ పెద్దలూ తమ ఇంటి వస్తువులను, తమ జ్ఞాపకాలను, తాము చేసిన ప్రయాణాలను తీరిక వేళల్లో బొమ్మలుగా వేసుకుని, వాటి పక్కన ఇంట్లో పలికే తెలుగు పేరు రాసుకోవాలి. మన వంటి సరిహద్దు తెలుగువారికి ఇది కాలక్షేపం మాత్రమే కాదు. బడిలో చోటు దొరకని మాటలకు మనం స్వయంగా కల్పించుకోగల చోటు ఇది.

మా పరిస్థితి తెలియని పాఠకుల కోసం కొంత వివరిస్తాను. అరసికెరె తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని గ్రామం. ఊరి పేరు కన్నడం. అరసి అంటే రాణి, కెరె అంటే చెరువు. ఈ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ గ్రామాలే ఉన్నాయి. ఇక్కడ ఎన్నో ఇళ్లలో అమ్మ మాట్లాడేది తెలుగు, బడి మాట్లాడేది కన్నడం, నాన్న ఆశపడేది ఇంగ్లీషు. పిల్లవాడు మూడింటినీ మోస్తాడు. మోయగలడు కూడా, పిల్లల శక్తిని నేను తక్కువ చేయను. కాని ఈ మూడింటిలో పుస్తకం లేని భాషకు, పరీక్ష లేని భాషకు క్రమంగా మాటలు రాలిపోతాయి. మొదట రాలేవి నామవాచకాలు. చాట ‘మొర’ అవుతుంది. రోకలి ‘ఒనకె’ అవుతుంది. కుండ ‘మడకె’ అవుతుంది. ఒకసారి ఒక పిల్లవాడు “మా ఇంట్లో బీసే కల్లు ఉంది సార్” అన్నాడు. తరగతిలో తెలుగు బాగా వచ్చిన పిల్లలు పకపకా నవ్వారు. కన్నడంలో కల్లు అంటే రాయి. విసిరే రాయి ఉందని ఆ అమాయకుడి భావం. మిగతావారికి కల్లుకుండ కనిపించింది.

నేను కన్నడానికి వ్యతిరేకిని కాను. ఆ భాష మాకు అన్నం పెడుతున్నది. మా పిల్లల స్నేహాలు, ఉద్యోగాలు ఆ భాషలోనే ఉన్నాయి. నాగలి–నేగిలు, రోలు–ఒరళు వంటి జంటలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే ఇంటి ఆడపడుచులని తెలుస్తుంది. పిల్లవాడికి రెండు పేర్లూ తెలియాలన్నదే నా కోరిక. ఒకటి వచ్చిందని మరొకటి పోకూడదు.

అందుకు బొమ్మ ఎందుకు, జాబితా రాయిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట జాబితాలే రాయించాను. యాభై మాటలు ఇచ్చి కంఠస్థం చేయించాను. పరీక్ష అయిన మరునాడు అవి ఎగిరిపోయాయి. మాటను రాసినప్పుడు పిల్లవాడు అక్షరాలను చూస్తాడు. వస్తువును వేసినప్పుడు వస్తువును చూస్తాడు. గొర్రు బొమ్మ వేయాలంటే విత్తనాలు పోసే గిన్నె ఎక్కడ ఉంది, దానినుంచి గొట్టాలు ఎలా దిగుతాయి అని తేరిపార చూడక తప్పదు. చూసినప్పుడు “దీన్నేమంటారు తాతా?” అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. “జడ్డిగం రా” అన్న జవాబు వస్తుంది. అలా అవసరం పడి అడిగి తెలుసుకున్న మాట ఇక పోదు. నాగలి వేస్తే కర్రు, మేడి, కాడి వస్తాయి. ఇసుర్రాయి వేస్తే పైరాయి, కిందిరాయి, నడిమి సీల, పిడి వస్తాయి.

దీనికి పరిశోధనల మద్దతు కూడా ఉంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన వామ్స్, మీడ్, ఫెర్నాండెస్ అనే ముగ్గురు పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్ని మాటలు ఇచ్చి, వాటిలో కొన్నింటిని రాయమని, కొన్నింటిని బొమ్మగా వేయమని చెప్పి, తరువాత ఎన్ని గుర్తున్నాయో పరీక్షించారు. బొమ్మ వేసిన మాటలే ఎక్కువగా గుర్తున్నాయి. బొమ్మ అందంగా రావడానికి, ఆ ప్రయోజనానికి పెద్దగా సంబంధం కనిపించలేదు. ‘నాకు చేతకాదు’ అనే పెద్దలకు ఇంతకంటె ఊరట ఏముంటుంది?

ఇంకా వెనక్కు వెళితే, 1658లో నురెంబర్గులో ఒక పుస్తకం అచ్చయింది. పేరు ‘ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్’, అంటే కంటికి కనిపించే లోకం బొమ్మలలో అని. రచయిత కొమేనియస్ అనే మొరేవియా దేశపు ఉపాధ్యాయుడు. మతకలహాల వలన స్వదేశం విడిచి ప్రవాసంలో బతికినవాడు. ఆ పుస్తకంలో ప్రతి పాఠానికి ఒక బొమ్మ. బొమ్మలోని ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క అంకె. కింద ఆ అంకెలకు తగిన మాటలు లాటినులో ఒక వరుస, జర్మనులో ఒక వరుస. పిల్లల కోసం తయారైన తొలి సచిత్ర పాఠ్యపుస్తకాలలో దానిని లెక్కిస్తారు. రెండు భాషల మధ్య నిలబడిన పిల్లవాడికి బొమ్మ వంతెన అవుతుందని మూడున్నర శతాబ్దాల క్రితమే ఒక పంతులుకు తెలుసు. అదే పనిని మన అరుగు మీద తెలుగు, కన్నడాలతో చేసుకోవడానికి అచ్చుయంత్రం కూడా అక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలు.

ఇక్కడ ఒక మనవి. దీనిని పోటీ చేయకండి. పోటీ పెట్టగానే త్రికోణపు కొండలు తిరిగి వస్తాయి. బహుమతి వచ్చిన బొమ్మను మరుసటి ఏడు అందరూ అనుకరిస్తారు. అభిరుచికి న్యాయనిర్ణేత ఉండడు. దాని బలం అదే.

మన పెద్దలలో ఇలా అభిరుచిగా కుంచె పట్టినవారు తక్కువేమీ కాదు. సంజీవదేవ్ 1914లో గుంటూరు జిల్లా తుమ్మపూడిలో జన్మించారు. యౌవనంలో హిమాలయాల దాకా తిరిగారు. కులూ లోయలోని నగ్గర్‌లో రష్యా చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ ఇంట అతిథిగా ఉన్నారు. తిరిగి వచ్చి 1999లో కన్నుమూసేవరకు ఆ చిన్న ఊరినే నివాసం చేసుకున్నారు. రచయితగా, తత్త్వచింతకుడిగా ప్రసిద్ధులైన ఆయన తాను చూసిన ప్రకృతిని రంగులలో కూడా దాచుకున్నారు. చూసినదానిని ‘తెగిన జ్ఞాపకాలు’ వంటి పుస్తకాలలో మాటలుగానూ, కాగితం మీద రంగులుగానూ నిలుపుకున్న మనిషి ఆయన. రెండు పనులూ ఒకే చూపునుంచి పుట్టాయని నేను భావిస్తాను.

వయసు మించిపోయిందనుకునేవారికి రవీంద్రనాథ ఠాకూరు ఉదాహరణ. 1919లో మన మదనపల్లెలో కొంతకాలం గడిపిన ఆ మహాకవి చిత్రలేఖనాన్ని గట్టిగా చేపట్టినది అరవై దాటాకనే. రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను ఒకదానితో ఒకటి కలుపుతూ పోగా అవి ఆకారాలయ్యాయి. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. అప్పటికి ఆయన వయసు అరవై తొమ్మిది. కొట్టివేతలనుంచి ఆయన బొమ్మలు పుట్టించారు. నేను బొమ్మ మీద కొట్టివేత పెట్టాను. ఈ తేడా తలచుకున్నప్పుడల్లా సిగ్గు వేస్తుంది.

ఉపాధ్యాయులకు మాత్రం నేను రాజమహేంద్రవరం కథ చెబుతాను. అక్కడి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా ఉండేవారు. ఆయన రచయిత, నీటిరంగుల చిత్రాలు వేసుకునే అభిరుచి గలవారు. దామెర్ల రామారావు అనే కుర్రవాడు గీసిన బొమ్మలు ఆయన కంట పడ్డాయి. చదువు పాడుచేసుకుంటున్నావని ఆయన మందలించలేదు. 1916లో ఆ కుర్రవాడు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరడానికి తోడ్పడ్డారు. రామారావు 1925లో ఇరవై ఏడేళ్ల వయసులోనే మశూచికి బలి అయ్యారు. ఆ స్వల్పకాలంలోనే ఆంధ్ర చిత్రకళకు ఒక తోవ వేసి వెళ్లారు. ఆయన పేరిట చిత్రశాల రాజమహేంద్రవరంలో ఈనాటికీ ఉంది. ఆ కూల్డ్రే శిష్యుడే అడవి బాపిరాజు. కవి, నవలాకారుడు, చిత్రకారుడు. తాను స్వయంగా కుంచె పట్టే గురువుకు శిష్యుడి గీత విలువ తెలిసింది. నాకు ఆనాడు తెలియకపోవడానికి కారణం నేను అంతవరకు ఏనాడూ ఒక వస్తువు ముందు కూర్చుని దానిని గీయకపోవడమే.

అందుచేత నేను కూడా మొదలుపెట్టాను. మొదటి బొమ్మ మా ఇంటి ఇత్తడి చెంబు. ఎంత గీసినా చెంబు నిలబడదు, పడిపోతున్నట్లే ఉంటుంది. వారం రోజులకు తెలిసింది తప్పెక్కడో. చెంబు మూతి గుండ్రమని నాకు తెలుసు కనుక గుండ్రంగా వేస్తున్నాను. కంటికి కనబడేది కోలగా ఉంది. వస్తువు కంటి ఎత్తున ఉంటే మూతి ఒక గీత మాత్రమే. కంటికి కిందికి దిగేకొద్దీ ఆ కోల వెడల్పవుతుంది. అడుగు వంపు మూతి వంపుకంటె కాస్త గుండ్రంగా ఉంటుంది. తెలిసినదానిని పక్కన పెట్టి కనబడినదానిని వేయడమే మొదటి పాఠమని ఇత్తడి చెంబు నేర్పింది. త్రికోణపు కొండల జబ్బుకు మందు కూడా అదే.

తల్లులు “మాకు బొమ్మలు రావు సార్” అంటారు. అమ్మా, ప్రతి ఉదయం కల్లాపి చల్లి, కొలబద్ద లేకుండా, చెరిపే రబ్బరు లేకుండా, నిలబడి వంగి, చిటికెడు పిండితో మెలికల ముగ్గు వేసే చేయి మీది. చుక్క తప్పదు, గీత తెగదు. అంతటి చేతికి పెన్సిలు ఒక లెక్కా? పిల్లలకు గీత నేర్పవలసి వస్తే మొదట పలకవలసినది మిమ్మల్నే.

ఇంటి వస్తువులు వేస్తే ఏమి గొప్ప, దేవుళ్లనో దేశనాయకులనో వేయాలి గాని అని కొందరు పెద్దలు అంటారు. వారిని లేపాక్షికి తీసుకువెళ్లాలి. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఆ వీరభద్రాలయం పదహారవ శతాబ్దంలో, విజయనగర కాలంలో వెలసింది. కప్పుమీది చిత్రాలలో శివుడు, పార్వతి ఉన్నారు నిజమే. కాని తల ఎత్తి కాసేపు నిదానంగా చూడండి. చీరల అంచులు, కొప్పుల ముడులు, నగలు, గుడి కట్టించిన విరూపణ్ణ సోదరులు, వారి పరివారం తలమీది పొడవాటి కుళ్లాయిలు కనబడతాయి. ఆనాటి చిత్రకారుడు తన చుట్టూ ఉన్నవారు ఏమి కట్టుకున్నారో అదే వేశాడు. అందుచేతనే ఆనాటి మనుషుల వేషం ఈనాడు మనకు తెలుస్తున్నది. దేవుడి బొమ్మలు ఎన్నో గుళ్లలో ఉన్నాయి. ఆ చీర అంచు మాత్రం ఆ చిత్రకారుడు వేయకుంటే మనదాకా వచ్చేది కాదు.

మా తాలూకాలో ఇటువంటి అవసరం ఇప్పుడు తరుముకొస్తున్నది. తిరుమణి చుట్టుపక్కల ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో సౌరవిద్యుత్ కేంద్రం వచ్చింది. 2018లో ప్రారంభమై 2019 చివరికి 2,050 మెగావాట్ల స్థాయికి చేరింది. రైతులు భూములు అమ్ముకోలేదు, కౌలుకు ఇచ్చారు. వానలు లేక చెనక్కాయ పంట చేతికిరాని నేల మీద ఏటేటా కౌలు డబ్బు రావడం చిన్న విషయం కాదు. దానిని నేను తప్పుపట్టను. కాని నేల కౌలుకు పోయిన ఇంట్లో గొర్రు, గుంటక, కాడి అటక ఎక్కుతాయి. తరువాత పొయ్యిలోకి పోతాయి. వాటి వెనుకే మాటలూ పోతాయి. మా ఊళ్లో కూడా ట్రాక్టరు వచ్చాక జరిగినది ఇదే. ఆ అటక మీది వస్తువును ఒకసారి కిందికి దించి, ఒక ఆదివారం దానిముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టడానికి ఎంత శ్రమ?

వస్తువు ఇప్పటికే పోయి ఉంటే జ్ఞాపకాన్ని వేయించవచ్చు. నేను పిల్లలకు ఇచ్చే పని ఇది. తాతనో అవ్వనో ఒక వస్తువు గురించి చెప్పమనాలి. వింటూ బొమ్మ వేయాలి. వేసినది చూపించాలి. “అట్ల కాదు రా, ఇది ఇంకా వంగి ఉంటుంది” అని పెద్దవారు దిద్దుతారు. మళ్లీ వేయాలి. మూడుసార్లు దిద్దేసరికి ఒక బొమ్మ, దానితోపాటు పది మాటలు, రెండు సంగతులు, కొన్నిసార్లు ఒక కన్నీటిచుక్క వస్తాయి. ఒక పిల్లవాడి తాత కపిల బావి గురించి చెబుతూ ఎద్దుల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడట. ఇంట్లో ఎవరికీ అంతకుముందు తెలియని పేర్లు అవి. వ్యాసరచనకు ఇంతకన్నా మంచి సామగ్రి ఏ గైడులో దొరుకుతుంది?

ఇక ప్రయాణాలు. విహారయాత్రకు వెళితే ఇప్పుడు చేతిలో ఫోను ఉంటుంది. రెండు వందల ఫోటోలు తీసుకుంటారు, తిరిగి ఒకటీ చూడరు. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్త్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన పరిశోధనలో, ప్రదర్శనశాలలో వస్తువులను ఫోటో తీసుకున్నవారికి ఆ వస్తువులు, కేవలం చూసినవారికంటె తక్కువగా గుర్తున్నాయని తేలింది. యంత్రం చూసుకుంటుందిలే అని మనసు విశ్రాంతి తీసుకుంటుంది కాబోలు. అదే పరిశోధనలో ఇంకొక విషయం ఉంది. వస్తువులోని ఒక భాగాన్ని దగ్గరకు తెచ్చుకుని ఫోటో తీసినవారికి ఆ నష్టం కలగలేదు. అంటే లోపం యంత్రానిది కాదు, నిలిచి చూడకపోవడానిది. పిల్లలను లేపాక్షికి తీసుకువెళ్లినప్పుడు అన్నీ చూపించాలని పరుగులు పెట్టించకండి. అరగంట సమయం ఇచ్చి, ఏకశిలా నంది మెడలోని గంటలో, లతామండపం స్తంభంమీది ఒక తీగో, ఏదో ఒక్కటి వేసుకోమనండి. ఎవరి స్తంభం వారిది.

కన్నడంలో బి.జి.ఎల్. స్వామి అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఈ పనిని ఎంత చక్కగా చేశారో చెప్పకుండా ఉండలేను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పనిచేసిన ఆయన విద్యార్థులను పడమటి కనుమలకు తీసుకువెళ్లిన అనుభవాలను ‘హసురు హొన్ను’ అనే పుస్తకంగా రాశారు. మొక్కల బొమ్మలు స్వయంగా గీసుకున్నారు. పాఠం, ప్రయాణం, హాస్యం, బొమ్మ అన్నీ కలిసిన ఆ పుస్తకానికి 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మా పిల్లలు కన్నడం చదవగలరు. ఆ పుస్తకాన్ని వారు చదవాలి. చదివి, తెలుగులో తమ ప్రయాణపు పుస్తకం తాము వేసుకోవాలి.

సామగ్రికి భయపడకండి. రెండు పెన్సిళ్లు చాలు. ఒకటి హెచ్‌బీ, ఒకటి 4బీ. రంగులు కావాలంటే పన్నెండు బిళ్లల నీటిరంగుల పెట్టె ఒకటి, ఒక కుంచె. నోటుపుస్తకపు కాగితం తడికి ముడుచుకుంటుంది. 300 జీఎస్ఎం కాగితం నిలుస్తుంది. అది ఖరీదనిపిస్తే ఒక పెద్ద తావును ఎనిమిది ముక్కలు చేసి పోస్టుకార్డంత బొమ్మలు వేయండి. నీటిరంగులలో లేతనుంచి ముదురుకు పోవాలి. తెలుపుకు రంగు వేయరు, కాగితాన్నే వదిలిపెడతారు. మన ఎర్రనేలకు బర్న్‌ట్ సియెన్నా, కొద్దిగా ఎల్లో ఓకర్ సరిపోతాయి. ఆ బర్న్‌ట్ సియెన్నాలోనే అల్ట్రామెరైన్ నీలం కలిపితే పావగడ కొండరాళ్ల బూడిదవన్నె వస్తుంది. పెట్టె కొనలేని ఇంట్లో బొగ్గు, జాజు, పసుపు ఉన్నాయి. పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కడం పిల్లలకు ఒక రసాయనశాస్త్ర పాఠం కూడా. పసుపు రంగు ఎండలో వెలిసిపోతుంది కనుక ఆ బొమ్మను పుస్తకంలో దాచుకోవాలి.

పేరు రాసే పద్ధతి గురించి ఒక మాట. మొదట ఇంట్లో పలికినది పలికినట్లే రాయించండి. ఇసుర్రాయి అంటే ఇసుర్రాయే. చాట అంటే చాటే. కింద చిన్న అక్షరాలతో పుస్తకంలోని మాట, దాని పక్కన కన్నడ మాట. బొమ్మ వేసిన తేదీ, మాట చెప్పినవారి వరుస రాయాలి. అవ్వ చెప్పింది, మేనమామ చెప్పాడు అని. పుస్తకంలోని మాట నేర్పడం మన విధి, సందేహం లేదు. కాని అది ఇంటిమాట పక్కన కూర్చోవాలి గాని దాని నెత్తిన ఎక్కరాదు. అవ్వ మాటను మనమే తప్పని కొట్టివేస్తే, పిల్లవాడు తెలుగును మాత్రం ఎందుకు తనదనుకోవాలి?

ఇవన్నీ చేస్తే మార్కులు వస్తాయా అని అడిగే తల్లిదండ్రులకు నిజమే చెబుతాను. నేరుగా రావు. వారానికి ఒక గంట పోతుంది. ఆ గంటలో నిలిచి చూడడం, అడగడం, పేరు పెట్టడం అలవడతాయి. జీవశాస్త్రంలో పువ్వు బొమ్మకు భాగాలు గుర్తించవలసి వచ్చినప్పుడు ఆ అలవాటు అక్కరకొస్తుంది. ఇంకొందరు మిత్రులు, బొమ్మలతో భాష నిలుస్తుందా, ఉపాధ్యాయులు కావాలి, పుస్తకాలు కావాలి అంటారు. వారి మాట ముమ్మాటికీ నిజం. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం చెబుతున్నది. దాని కోసం అర్జీలు పెట్టడం మానవద్దు. అయితే అర్జీకి జవాబు వచ్చేలోగా అవ్వలు ఆగరు గదా.

ఈ ఆదివారం మీ ఇంట్లో అన్నిటికన్నా పాత వస్తువును దుమ్ము దులిపి వెలుగులో పెట్టండి. పిల్లవాడి పక్కన మీరూ ఒక కాగితం తీసుకుని కూర్చోండి. ఇద్దరూ వేయండి. ఎవరిది బాగుందని పోల్చకండి. దీన్ని మన ఇంట్లో ఏమంటారని పెద్దవారిని అడిగి, ఆ మాట రాయండి.

ఆ బాలిక ఇప్పుడు పెద్ద తరగతులకు వెళ్లింది. మొన్న కలిసినప్పుడు ఆ బొమ్మను ఒకసారి ఇవ్వమని అడిగాను. ఎర్రగీతను చెరపడం వీలుకాదు. దాని పక్కనే నల్లసిరాతో ‘ఇసుర్రాయి’ అని మళ్లీ రాసి, కింద సంతకం చేసి, తిరిగి ఇచ్చాను.

సెలవు.